28కి ఎన్ని పేర్లు?

గత సంచికలో కారణాంకాల గురించి రాస్తూ, 28 పరిపూర్ణ సంఖ్య అని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోయాను. ఆ వాక్యం మీద విశాఖపట్నం నలుమూలల నుంచి వచ్చిన ఉత్తరాలు చదివాక, ఈ నెల శీర్షిక మొత్తాన్ని ఆ సంఖ్యకే కేటాయించడం న్యాయమనిపించింది.

ప్రశ్న: నేను రోజూ 28 నంబరు బస్సులో బీచ్ వైపు ఉద్యోగానికి వెళ్తాను. ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి మీ శీర్షిక చదివి, "నాన్నా, మీ బస్సు నంబరు పరిపూర్ణ సంఖ్యట" అంది. మిగతా సంఖ్యల్లో లేని పరిపూర్ణత దీనిలో ఏముందండీ? ఇలాంటివి ఎన్ని ఉన్నాయి? – ఒక పాఠకుడు, గోపాలపట్నం

జవాబు: మీ అమ్మాయి చేతనే ఒక చిన్న లెక్క చేయించండి. 28ని శేషం లేకుండా భాగించే సంఖ్యలన్నింటినీ వరుసగా రాస్తే 1, 2, 4, 7, 14, 28 అని ఆరు వస్తాయి. చివరిదైన 28ని పక్కన పెట్టి మిగిలిన ఐదింటినీ కూడితే మళ్ళీ 28 వస్తుంది. తనకన్నా చిన్నవైన కారణాంకాల మొత్తం సరిగ్గా తనతో సమానం కావడమే గణితంలో పరిపూర్ణత. ఆ మాటలో అంతకు మించిన ప్రశంస ఏదీ లేదు.

మన నగరంలో తిరిగే మరి రెండు బస్సుల నంబర్లను ఇదే పరీక్షకు పెడితే తేడా తెలుస్తుంది. 999కి తనకన్నా చిన్న కారణాంకాలు 1, 3, 9, 27, 37, 111, 333. వీటి మొత్తం 521 మాత్రమే కనుక అది న్యూన సంఖ్య. 222 తీసుకుంటే 1, 2, 3, 6, 37, 74, 111 కలిసి 234 అవుతాయి కనుక అది అధిక సంఖ్య. ప్రతి సంఖ్యా న్యూనం, పరిపూర్ణం, అధికం అనే మూడు తరగతుల్లో ఏదో ఒకదానిలోకి, ఒక్కదానిలోకి మాత్రమే వస్తుంది. క్రీ.శ. 100 ప్రాంతంలో గ్రీకు పండితుడు నికోమాకస్ ఈ విభజనను వివరిస్తూ, అధిక సంఖ్యలను అవయవాలు ఎక్కువైన ప్రాణులతోనూ న్యూన సంఖ్యలను అవయవాలు తక్కువైన ప్రాణులతోనూ పోల్చాడు. ఆ పోలికను మనం గంభీరంగా తీసుకోనక్కర లేదు గాని, విభజన మాత్రం చాలా లోతైనది. 28ని 1 తప్ప మరే సంఖ్యతో హెచ్చవేసినా అధిక సంఖ్యే వస్తుంది. 28 కారణాంకాల్లో 28 తప్ప మిగిలినవన్నీ న్యూన సంఖ్యలే. ఎందుకంటే 28 కారణాంకాలన్నింటి వ్యుత్క్రమాలను, అంటే 1, 1/2, 1/4, 1/7, 1/14, 1/28 భిన్నాలను కూడితే సరిగ్గా 2 వస్తుంది. 56 లాంటి గుణిజానికి వెళ్ళినప్పుడు ఈ భిన్నాలన్నీ అలాగే ఉండి కొత్తవి వచ్చి చేరతాయి కనుక మొత్తం 2ను దాటిపోతుంది. కారణాంకానికి దిగినప్పుడు కొన్ని రాలిపోతాయి కనుక 2కు చేరదు. పొలానికీ పొలానికీ మధ్య గట్టులాగా పరిపూర్ణ సంఖ్య రెండు తరగతుల సరిహద్దు మీద నిలుస్తుంది. ఆ పేరుకు నా దృష్టిలో సరైన సమర్థన ఇదే.

ఇలాంటి సంఖ్యలను తయారు చేసే పద్ధతిని క్రీ.పూ. 300 ప్రాంతంలోనే గ్రీకు గణితవేత్త యూక్లిడ్ తన 'ఎలిమెంట్స్' గ్రంథం తొమ్మిదో భాగం 36వ సిద్ధాంతంలో చెప్పాడు. 1తో మొదలుపెట్టి రెట్టింపు చేసుకుంటూ కూడుతూ పోవాలి. మొత్తం ప్రధాన సంఖ్య అయిన చోట ఆగి, ఆ మొత్తాన్ని చివరగా కలిపిన సంఖ్యతో హెచ్చవేయాలి. 1, 2 కలిపితే 3. దానిని 2తో హెచ్చవేస్తే 6. 1, 2, 4 కలిపితే 7; దానిని 4తో హెచ్చవేస్తే 28. తరువాతి మొత్తం 15 ప్రధాన సంఖ్య కాదు కనుక దానిని వదిలేయాలి. 1 నుంచి 16 వరకు రెట్టింపులు కలిపితే 31. దానిని 16తో హెచ్చవేస్తే 496. ఆ పైన 8128, ఆ తరువాత ఏకంగా 3,35,50,336.

ఈ పద్ధతి ఎందుకు పనిచేస్తుందో 28లోనే కళ్ళారా చూడవచ్చు. దాని కారణాంకాలను రెండు గుంపులు చేయండి. 1, 2, 4 కలిసి 7 అవుతాయి. 7, 14 కలిసి మూడు 7లు అవుతాయి. ఒక 7, మూడు 7లు కలిసి నాలుగు 7లు, అంటే 28. 496లోనూ ఇదే జరుగుతుంది: మొదటి గుంపు ఒక 31, రెండో గుంపు పదిహేను 31లు.

సరి పరిపూర్ణ సంఖ్యలన్నీ యూక్లిడ్ చెప్పిన రూపంలోనే ఉండి తీరాలని 18వ శతాబ్దంలో ఆయిలర్ నిరూపించాడు. అందువల్ల ఈ వేట అంతా మెర్సెన్ ప్రధాన సంఖ్యల వేటగా మారింది. 3, 7, 31, 127 లాగా, 2 ఘాతం కన్నా ఒకటి తక్కువైన ప్రధాన సంఖ్యలను అలా పిలుస్తారు. 2024 అక్టోబరులో ప్రకటించినది అటువంటి వాటిలో కనుగొన్న 52వది: 13,62,79,841 రెండ్లను వరుసగా గుణించి 1 తీసివేస్తే వచ్చే, 4,10,24,320 అంకెలున్న సంఖ్య అది. దాని నుంచి పుట్టే పరిపూర్ణ సంఖ్యకు 8 కోట్ల 20 లక్షలకు పైగా అంకెలు ఉంటాయి. ఇవి అనంతంగా ఉన్నాయా లేవా అన్నది ఇంకా తేలలేదు. బేసి పరిపూర్ణ సంఖ్య ఒక్కటైనా ఉందా అన్నదీ తేలలేదు. 1 పక్కన 1500 సున్నాలు పెట్టినంత సంఖ్య లోపల అటువంటిది లేదని మాత్రం 2012లో నిరూపించారు. రెండు వేల ఏళ్ళకు పైగా మనుషులు అడుగుతున్న ప్రశ్ననే మీరు ఈనాడు అడుగుతున్నారని మీ అమ్మాయికి తప్పక చెప్పండి.

ఇంకొక్క మాట. సింహాచలం వెళ్ళడానికి 28 ఎక్కవచ్చు, 6ఎ ఎక్కవచ్చు. 6, 28 మొట్టమొదటి రెండు పరిపూర్ణ సంఖ్యలు. ఇది కేవలం కాకతాళీయం, అయినా కొండ కింద దిగినప్పుడల్లా నాకు గుర్తుకు వస్తుంది.

ప్రశ్న: 28 పరిపూర్ణ సంఖ్యే కాక త్రిభుజ సంఖ్య అని, షడ్భుజ సంఖ్య అని, మొదటి రెండు బేసి సంఖ్యల ఘనాల మొత్తమని కూడా చదివాను. ఒకే సంఖ్యకు ఇన్ని లక్షణాలు కలిసి రావడం యాదృచ్ఛికమా? – డిగ్రీ విద్యార్థిని, మద్దిలపాలెం

జవాబు: యాదృచ్ఛికం కాదమ్మా. మీరు చెప్పినవి నాలుగు వేర్వేరు విశేషాలుగా కనిపిస్తాయి గాని, నిజానికి అవి ఒకే విషయానికి నాలుగు పేర్లు.

చింతపిక్కలను మొదటి వరుసలో ఒకటి, రెండో వరుసలో రెండు, మూడో వరుసలో మూడు చొప్పున ఏడు వరుసలు పేరిస్తే త్రిభుజం ఏర్పడుతుంది. మొత్తం పిక్కలు 28. ఎనిమిది జట్లు ఒక్కొక్కటి మిగతా అన్నింటితో ఒకసారి ఆడే కబడ్డీ లీగులో మ్యాచ్‌లు 28 కావడానికీ కారణం ఇదే: మొదటి జట్టుకు ఏడు, రెండో జట్టుకు కొత్తగా ఆరు, అలా చివరికి ఒకటి. 1 నుంచి ఏ సంఖ్య వరకైనా కూడాలంటే, చివరి సంఖ్యను దాని తరువాతి సంఖ్యతో హెచ్చవేసి సగం చేయాలి. ఇటువంటి మొత్తాలను మన వాళ్ళు సంకలితం అన్నారు, ఆర్యభటుడి కాలానికే వాటి సూత్రాలు ఉన్నాయి. ఇక్కడ 7ను 8తో హెచ్చవేసి సగం చేస్తున్నాం. 8లో సగం 4 కనుక అది 7, 4ల లబ్ధం. ఇప్పుడు యూక్లిడ్ పద్ధతిని గుర్తు చేసుకోండి: అక్కడా 7, 4ల లబ్ధమే. రెట్టింపుల మొత్తం ఎప్పుడూ తరువాతి రెట్టింపు కన్నా ఒకటి తక్కువ, చివరగా కలిపినది ఆ తరువాతి రెట్టింపులో సగం. కాబట్టి ప్రతి సరి పరిపూర్ణ సంఖ్యా త్రిభుజ సంఖ్య కావడం తప్పనిసరి. షడ్భుజ సంఖ్య సంగతీ అంతే: ఒక సంఖ్యను, దాని రెట్టింపు కన్నా ఒకటి తక్కువైన సంఖ్యతో హెచ్చవేస్తే షడ్భుజ సంఖ్య వస్తుంది, 4, 7 సరిగ్గా ఆ జంటే. అయితే దీనిని తలకిందులు చేయకూడదు. 10, 15 త్రిభుజ సంఖ్యలే గాని పరిపూర్ణం కావు.

ఘనాల సంగతి ఇంకా అందమైనది. 1, 27 కలిస్తే 28. 1, 27, 125, 343 కలిస్తే 496. 6 ఒక్కటి తప్ప మిగిలిన ప్రతి సరి పరిపూర్ణ సంఖ్యా ఇలా వరుస బేసి ఘనాల మొత్తంగా వస్తుంది. 0, 1 అంకెలతోనే రాసే ద్విసంఖ్యా విధానంలో రాసినా ఈ కుటుంబ పోలిక కనిపిస్తుంది: 6 అక్కడ 110, 28 అక్కడ 11100, 496 అక్కడ 111110000.

ఒక హెచ్చరిక కూడా అవసరం. నాలుగు పరిపూర్ణ సంఖ్యలే తెలిసిన రోజుల్లో నికోమాకస్, వాటి చివర 6, 8 ఒకటి విడిచి ఒకటి వస్తాయని, ఒక్కో అంకెల పొడవుకు ఒక్కోటి ఉంటుందని ప్రకటించాడు. అయిదోదానికి ఎనిమిది అంకెలు ఉండటంతో రెండో మాట పోయింది. అయిదోది, ఆరోది రెండూ 6తోనే ముగియడంతో మొదటి మాటా పోయింది. నిలిచినది వేరే నిజం: సరి పరిపూర్ణ సంఖ్య చివర 6 ఉంటుంది, లేదా 28 అనే రెండంకెలే ఉంటాయి. 8128 అందుకు మొదటి సాక్ష్యం. నాలుగు ఉదాహరణలు చూసి అయిదోదాన్ని ఊహించడం తప్పు కాదు, నిరూపణ లేకుండా ప్రకటించడమే తప్పు.

ప్రశ్న: ఇంట్లో గచ్చు వేయించగా 28 చదరపు టైల్స్ మిగిలాయి. వాటిని మిగలకుండా చిన్న చిన్న చదరాలుగా పేర్చాలని చూశాను. రెండు చదరాలుగా కుదరలేదు, మూడుగా కూడా కుదరలేదు, నాలుగుగా కుదిరింది. నా ప్రయత్న లోపమా, సంఖ్య లోపమా? – విశ్రాంత కార్మికుడు, గాజువాక

జవాబు: మీ ప్రయత్నంలో లోపం లేదండీ. సంఖ్యలో ఉన్నదీ లోపం కాదు, ఒక లక్షణం. మూడు చదరాలుగా ఎవరూ పేర్చలేరు. ఎందుకో కాగితం మీద చూద్దాం.

సరి సంఖ్య వర్గాన్ని 4తో భాగిస్తే శేషం ఉండదు. బేసి సంఖ్య వర్గాన్ని 4తో భాగిస్తే శేషం 1. మూడు వర్గాలు కలిసి 28 కావాలంటే, 28ని 4 నిశ్శేషంగా భాగిస్తుంది కనుక, మూడింటి శేషాల మొత్తం కూడా 4 గుణిజం కావాలి. మూడు శేషాలు కలిసి గరిష్ఠంగా 3 మాత్రమే అవుతాయి. అందుచేత మూడూ సున్నాలే, అంటే మూడు చదరాల భుజాలూ సరి సంఖ్యలే అయి తీరాలి. అలా అయితే ప్రతి భుజాన్నీ సగం చేయవచ్చు, అప్పుడు టైల్స్ నాలుగో వంతు అవుతాయి: మూడు చదరాలు కలిసి 7 కావాలి. 7 లోపల వర్గాలు 1, 4 మాత్రమే. 4, 1, 1 కలిస్తే 6. 4, 4 కలిస్తే 8 దాటిపోయింది. 7 కుదరదు కనుక 28 కూడా కుదరదు. ఒక చదరాన్ని సున్నాగా భావించినా ఇదే వాదన నిలుస్తుంది కనుక రెండు చదరాల మాట విడిగా చెప్పనక్కర లేదు.

నాలుగు లేదా అంతకన్నా తక్కువ చదరాలుగా మాత్రం ఏ సంఖ్యనైనా పేర్చవచ్చని 1770లో లగ్రాంజ్ నిరూపించాడు. మీ 28కి మూడు దారులున్నాయి: 25, 1, 1, 1, లేదా 16, 4, 4, 4, లేదా 9, 9, 9, 1. మీరు కనుగొన్నది వీటిలో ఏదో రాస్తే సంతోషిస్తాను. మూడు వర్గాలకు లొంగని సంఖ్యలు 7, 15, 23, 28, 31 అంటూ సాగుతాయి. సంఖ్యల గురించి చేతితో తెలుసుకున్నది మనసులో నిలిచినంతగా పుస్తకంలో చదివినది నిలవదని నా నమ్మకం.

ప్రశ్న: 28 'హ్యాపీ నంబర్' అని మిత్రుడు చెప్పాడు. అంకెల వర్గాలు కూడితే 4, 64 కలిసి 68. మళ్ళీ 36, 64 కలిసి 100. చివరికి 1 వస్తుంది. పరిపూర్ణ సంఖ్య అనడంతో సమానమైన గౌరవం దీనికి ఇవ్వవచ్చా? – ఇంటర్ విద్యార్థి, ఎంవీపీ కాలనీ

జవాబు: లెక్క సరైనదే, గౌరవం మాత్రం సమానం కాదు. పరిపూర్ణత సంఖ్యకు చెందినది. 28 చింతపిక్కలను ఏ భాషలో, ఏ అంకెల్లో లెక్కించినా అది మారదు. మీరు చెప్పిన లక్షణం మనం పదులతో లెక్కించే అలవాటుకు చెందినది. ఎనిమిదులతో లెక్కిస్తే మూడు ఎనిమిదులు, నాలుగు ఒకట్లు కనుక 28ని 34 అని రాస్తారు. అప్పుడు వర్గాల మొత్తం 25, అది మూడు ఎనిమిదులు, ఒకటి కనుక తరువాత 10, దాని తరువాత 5, మళ్ళీ 25. ఇక 1కి చేరడం అనేది లేదు. ఏ కొత్త వర్గీకరణ విన్నా, రాత మార్చితే ఇది నిలుస్తుందా అని ముందుగా అడగండి.

ప్రశ్న: సంగీతం నేర్చుకుంటున్నాను. హరికాంభోజి 28వ మేళకర్త, అంటే మూల రాగం, కావడానికీ, 28 పరిపూర్ణ సంఖ్య కావడానికీ సంబంధం ఉందా? – ఒక పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: ఆ రెంటికీ సంబంధం లేదు. అయితే మీ ప్రశ్నలో వేరే గణితం దాగి ఉంది. అక్షరాలకు అంకెలు కేటాయించే కటపయాది పద్ధతిలో 'హ'కు 8, 'ర'కు 2. అంకెలను కుడి నుంచి ఎడమకు చదవాలి కనుక 'హరి' అంటే 28. తరువాతి మేళం ధీరశంకరాభరణంలో 'ధ'కు 9, 'ర'కు 2, అంటే 29. రాగం పేరు ముందు ఈ అక్షరాలు చేరింది సంఖ్యను గుర్తు పెట్టుకోవడానికే.

అసలు విషయం ఆ సంఖ్య నుంచి స్వరాలను రాబట్టడం. 28ని 6తో భాగిస్తే భాగఫలం 4, శేషం 4. అంటే ఆరేసి మేళాలు ఉండే చక్రాల్లో నాలుగు పూర్తయి, అయిదోదైన బాణ చక్రంలో నాలుగో మేళం. 28 ముప్పై ఆరుకు లోపల ఉంది కనుక శుద్ధ మధ్యమం. అయిదో చక్రం కనుక చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం. నాలుగో స్థానం కనుక చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం. బడిలో నేర్చిన భాగహారం రాగ స్వరూపాన్ని మొత్తంగా చెప్పేస్తోంది. ఇక్కడ 28కి విలువ ఇచ్చింది దాని కారణాంకాలు కావు, 72 మేళాల వరుసలో దాని స్థానం.

ప్రశ్న: మీరు చెప్పే లక్షణాలన్నీ 28 మరికొన్ని సంఖ్యలతో పంచుకునేవే. దానికి ఒక్కదానికే చెందిన లక్షణం ఏదైనా ఉందా? పదో తరగతి పిల్లలకు నిరూపించి చూపగలిగినదైతే మరీ మంచిది. – గణిత ఉపాధ్యాయుడు, పెందుర్తి

జవాబు: ఉంది మాస్టారూ. ఒక ఘనానికి 1 కలిపితే వచ్చే సరి పరిపూర్ణ సంఖ్య 28 ఒక్కటే. దీనిని పిల్లల చేత ఇలా చేయించండి.

ఘనం భుజాన్ని 'న' అనుకుందాం. న³ + 1 అనేది (న + 1), (న² − న + 1)ల లబ్ధమని వాళ్ళకు తెలుసు. న అనేది 1 అయితే లబ్ధం 2, అది పరిపూర్ణం కాదు. కనుక న 1 కన్నా పెద్దది. న², న ల భేదం ఎప్పుడూ సరి సంఖ్యే, ఎందుకంటే అది రెండు వరుస సంఖ్యల లబ్ధం. అందువల్ల రెండో కారణాంకం బేసి, పైగా 1 కన్నా పెద్దది. సరి పరిపూర్ణ సంఖ్యలో 2 ఘాతం కాక ఉండేది ఒకే ఒక్క బేసి ప్రధాన సంఖ్య కనుక, రెండో కారణాంకం ఆ ప్రధాన సంఖ్యే అయి తీరాలి; మిగిలిన న + 1 ఆ 2 ఘాతం కావాలి. ఆ ప్రధాన సంఖ్య ఎప్పుడూ ఆ ఘాతం రెట్టింపు కన్నా ఒకటి తక్కువ. కాబట్టి న² − న + 1 = 2(న + 1) − 1, అంటే 2న + 1. రెండు వైపులా 1 తీసివేసి సర్దితే న² = 3న. న సున్నా కాదు కనుక న = 3, దాని ఘనం 27, ఒకటి కలిపితే 28.